అందరూ దిగే చోటే

బడి, నా గది
తరగతులు మొదలైన రెండో వారం

అక్కకి,

నమస్కారాలు. వాటిలో సగం నీ మోకాళ్ళకి. ఈ మధ్య మీ ఇంట్లో నీ కోపం కంటే వాటి కోపానికే ఎక్కువ భయపడుతున్నారని మీ కోడలు చెప్పింది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనకు. ఫోన్లో మాట్లాడితే నేను కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటూ ఊ కొడతానని పోయినసారి నువ్వే తిట్టావు. ఉత్తరానికి ఊ కొట్టడం కుదరదు కాబట్టి ఇకనుంచి ఇదే పద్ధతి.

హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాను. దానికి ఒక చక్రం లేదు. కొంచెం ఎడమకి వాలితే నేరుగా చెత్తబుట్ట పక్కకి చేరతాను. కిటికీలోంచి ఆటస్థలం, గేటు, గేటు అవతల బస్సు స్టాపు కనిపిస్తాయి. పాత హెడ్మాస్టరు గారు ఏడాది మధ్యలోనే బదిలీ అయ్యారని తెలుసు గానీ, ఎందుకని అడిగితే అందరూ నీళ్ళు నమిలారు. చివరికి లెక్కల మాస్టారు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

పోయినేడు ఆరో తరగతిని సముద్రం ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ చూపించడానికి తీసుకెళ్ళారట. బస్సు ఉచితం. ఈ ఊళ్ళో బస్సులు నడిపే పెద్దాయన ఒకరు ఏటా ఇస్తారు. ఆయన కోరేది ఒక్కటే. దారిలో తాను కట్టించిన ప్రార్థనా మందిరం దగ్గర కాసేపు ఆగి, పిల్లలు లోపలికి వెళ్ళి రావాలి. ఆ మందిరం మనవాళ్ళదే అక్కా, మన దేవుడిదే. వేరే మతాల ఇళ్ళ పిల్లలు బయట బెంచీ మీద కూర్చోవచ్చు.

ఈ బళ్ళో ట్రిప్పుకి వెళ్ళినప్పుడు జతల లెక్క పెడతారు. బయల్దేరే ముందే ఇద్దరిద్దరిని జత కడతారు. ఎక్కినా, దిగినా మాస్టారు "జతలు!" అని కేకేస్తే జతగాళ్ళు చేతులు పట్టుకుని పైకెత్తాలి. చెయ్యి దొరకని పిల్ల కనిపించిందంటే ఎవరో తగ్గినట్టు. మంచి పద్ధతే. కానీ తరగతిలో పిల్లలు బేసి సంఖ్య. జత లేని పిల్లవాడు ఒకడు మాస్టారి చెయ్యి పట్టుకునేవాడు. మందిరం దగ్గర కొందరు లోపలికి, కొందరు బయటికి వెళ్ళేసరికి జతలన్నీ చెదిరిపోయాయి. తిరిగి ఎక్కాక "జతలు!" అంటే పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యే పట్టుకుని ఎత్తేశారు. ఒక్క చెయ్యి కూడా ఒంటరిగా లేదు. మాస్టారి జత పిల్లవాడికి కూడా జత దొరికింది.

"నాకు ముచ్చటేసింది మేడమ్" అన్నారాయన. "హమ్మయ్య, ఇవాళ ఎవరూ మిగల్లేదు అనుకున్నాను. బేసి సంఖ్యలో ఎవరూ మిగల్లేదంటే ఒకరు లేనట్టే కదా. లెక్కలు చెప్పేవాణ్ణి, ఆ ముక్క తట్టలేదు."

తగ్గింది ఒక పాప. బెంచీ మీంచి లేచి మందిరం వెనక కుళాయి దగ్గరికి నీళ్ళు తాగడానికి వెళ్ళింది. వచ్చేసరికి బస్సు లేదు. లైట్‌హౌస్ దగ్గర దిగాక గానీ వీళ్ళకి తెలియలేదు. ఎవరూ పైకెక్కకుండానే వెనక్కి పరిగెత్తారు. అప్పటిదాకా పక్కన టీ కొట్టు ఆవిడ ఆ పాపని తన స్టూలు మీద కూర్చోబెట్టుకుంది. పాపకి ఏమీ కాలేదు. ఏమీ కాలేదనే అందరూ అంటున్నారు. పిల్లలు ఆ పాపని పిట్ట అంటారు, అంతలా వాగేదట. ఇప్పుడు తలుపు పక్కన కూర్చుంటుంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, నోరు విప్పదు.

నిన్న ఆ తరగతికే వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళు ఏడో తరగతి. "మేడమ్, ఈసారైనా లైట్‌హౌస్ ఎక్కుతామా?" అని అడిగారు. ఎక్కుతామన్నాను. నోరు జారానని అనుకోకు, తెలిసే అన్నాను. పిట్టతో సహా ఎక్కుతాం.

చెల్లి


ఇల్లు, వరండా
వానలు పట్టుకున్నాక

చెల్లికి,

దీవెనలు, వాటి వెనకే చివాట్లు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ పాప సంగతికి గుండె గుభేలుమంది. రెండోసారి నువ్వేం చేయబోతున్నావో అర్థమై గుభేలుమంది. నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని, నాకు తెలియదా? "తెలిసే అన్నాను" అని నువ్వు రాశావంటే ఊళ్ళో సగంమందితో తగువు ఖాయం.

నేనూ పిల్లల్ని తిప్పినదాన్నే. చిన్న తరగతుల పంతులమ్మనైతేనేం, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళాను. బస్సు కదిలే ముందు ప్రార్థన చేయించేదాన్ని. దారిలో మందిరం కనిపిస్తే ఆపించేదాన్ని. ఒక్క పిల్లా తప్పిపోలేదు, ఎందుకంటే నేను తలలు లెక్కపెట్టేదాన్ని, చేతులు కాదు. తప్పు లెక్కది, దేవుడిది కాదు. మీ మాస్టారికి లెక్కలు నేర్పించు, మందిరం జోలికి పోకు. కాసేపు ఆగి కళ్ళు మూసుకుంటే మీ బస్సు టైరుకేమైనా గాలి పోతుందా?

అదీగాక ఆ పెద్దాయన మనవాడు. ఇక్కడ మా ఊళ్ళో మనవాళ్ళు ఎంతమందో తెలుసా? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను ప్రార్థనకి వెళ్ళాలంటే అబ్బాయికి తీరిక ఉండాలి, కారు తీయాలి, వాడి మొహం చూస్తూ నేను తొందరగా ముగించుకుని రావాలి. మందిరం దారిలోనే ఉండటం ఎంత అదృష్టమో నీకు తెలియదు.

మనవరాలు నా భుజం మీదుగా ఇదంతా చదువుతోంది. "చిన్న నానమ్మ కుర్చీకి చక్రం పెట్టించుకోమని రాయి" అంటోంది. వాళ్ళ బడివాళ్ళూ వచ్చే నెల ఎక్కడికో తీసుకెళ్తారట. ఇప్పటినుంచే సంచి సర్దుతోంది, విప్పుతోంది, మళ్ళీ సర్దుతోంది.

అక్క


బడి, నా గది
మొదటి పరీక్షల ముందు

అక్కకి,

దీవెనలూ చివాట్లూ అందాయి. చక్రం పెట్టించానని మనవరాలికి చెప్పు.

బస్సుల పెద్దాయన వచ్చారు. మంచి మనిషక్కా, అదే చిక్కు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. వస్తూనే పిల్లలకి పెన్సిళ్ళ పెట్టెలు తెచ్చారు. "నేనేమన్నా పిల్లల్ని మతం మార్చుకోమన్నానా తల్లీ? నీడపట్టున కాసేపు కూర్చుని, చల్లటి నీళ్ళు తాగి వెళ్ళమన్నాను. ఇష్టం లేనివాళ్ళు బయటుండొచ్చు, బలవంతమేం లేదే" అన్నారు. ఆ బయటున్నవాళ్ళ గురించే నా దిగులు అన్నాను. "వాళ్ళకీ బెంచీ వేయించాను కదా" అన్నారు. నటన కాదు, నిజంగానే ఆయనకి బోధపడలేదు.

తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడాను. ఆగాల్సిందేనని కొందరు. ఆగేట్టయితే మా మందిరం కూడా ఆ దారిలోనే ఉందని ఒకాయన. మాదీ ఉంది, కొంచెం లోపలికి తిరగాలంతే అని ఒకావిడ. అన్నిచోట్లా ఆపేస్తే పేచీ ఉండదు కదా అని ఇంకొకాయన. ఏ దేవుడూ వద్దనుకునేవాళ్ళ పిల్లలు ఎక్కడ దిగాలి అని వెనకనుంచి ఎవరో. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఒక పిల్లవాడి తండ్రి, లారీ డ్రైవరు, లేచి "ఇన్నిచోట్ల ఆపుకుంటూ పోతే లైట్‌హౌస్ చేరేసరికి దాని దీపం కూడా వెలిగించేస్తారు" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగేలోపు నాకు మాట దొరికింది.

"అందరూ దిగే చోటే బస్సు ఆగుతుంది" అన్నాను.

టాయిలెట్ దగ్గర అందరూ దిగొచ్చు. అన్నం తినే చోట దిగొచ్చు. లైట్‌హౌస్ దగ్గర దిగొచ్చు. ఒక్క పిల్లైనా "నేను దిగను" అని చెప్పుకోవాల్సి వచ్చే చోట బడి బస్సు ఆగదు. మీ పిల్లల్ని సెలవు రోజున మీ మందిరానికి మీరు తీసుకెళ్ళండి, ఎవరొద్దన్నారు? బడి తరఫున ప్రార్థన చేయించేది లేదు. మనసులో చేసుకునేవాళ్ళని ఆపేదీ లేదు. ఇంతే చెప్పాను. చప్పట్లేమీ కొట్టలేదు. కొందరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు, అందులో మనవాళ్ళే ఎక్కువ.

తప్పు లెక్కది అన్నావు. ఒప్పుకుంటాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో కూడా చూడు. పక్కపక్కన చేతులు పట్టుకుని కూర్చున్న ఇద్దరిలో ఒకరిని లోపలికి, ఒకరిని బెంచీ మీదికి పంపింది పెద్దవాళ్ళే. అలా విడదీశాక నువ్వు తలలు లెక్కపెట్టినా, ఆ పాప బెంచీ మీద కూర్చున్న సేపు ఏమనుకుందో ఆ లెక్కలోకి రాదు.

చెల్లి


ఇల్లు, వరండా
వానలు తగ్గాక

చెల్లికి,

వెంటనే జవాబు రాయలేదు. రాస్తే తిట్టేదాన్ని.

మనం పెరిగిన ఇంట్లో దేవుడి పేరు తలుచుకోకుండా ఎవరూ గడప దాటలేదు. ఆ ఇంటి పిల్లవి నువ్వు, ఇవాళ దేవుణ్ణి బస్సులోంచి దింపేశావు. నాకు కష్టంగా ఉంది, దాచుకోను. మనవాళ్ళే నీతో మాట్లాడటం మానేస్తే ఆ ఊళ్ళో ఒక్కదానివే ఎలా నెగ్గుకొస్తావు? పట్టిన పట్టు విడవడం నీకు చేతకాదని తెలుసు, అయినా అడుగుతున్నాను. బయట కూర్చునే పిల్లల దగ్గర ఒక టీచర్ని ఉంచు, సరిపోతుంది. పెద్దాయన మాట నిలబడుతుంది, నీ మాటా నిలబడుతుంది.

మనవరాలు ట్రిప్పుకి వెళ్ళొచ్చింది. బాగుందంది. మోకాళ్ళు పరవాలేదు.

అక్క


బడి, నా గది
పరీక్షలయ్యాక

అక్కకి,

చెప్పుల దుకాణంలో బేరమాడి వచ్చినా రెండు పేజీలు రాసే మనిషివి నువ్వు. సంచి సర్దిన సంగతి అంత ముచ్చటగా రాసి, తీరా ట్రిప్పు అయ్యాక "బాగుందంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఏం జరిగింది? చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను.

ఇక్కడి సంగతులు. పెద్దాయన ఈ ఏడు బస్సు ఇవ్వలేనని కబురు పంపారు. కోపంగా కాదు, బాధగా. కోపమైతే తట్టుకోవడం తేలికయ్యేది. నేను పై ఆఫీసుకి కాలికి బలపం కట్టుకుని తిరిగాను. తీరా చూస్తే బడి ట్రిప్పులకని నిధి ఎప్పటినుంచో ఉంది, ఉచిత బస్సు ఉందని మా బడి ఏళ్ళుగా అడగలేదు, అంతే. అడిగాను, ఇచ్చారు. ఈసారి రెండు బస్సులు. పోయినేడు ఇద్దరి సీట్లో ముగ్గుర్ని కుక్కారట, ఇప్పుడు ఒక్కో పిల్లకి ఒక్కో సీటు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, కొన్ని షరతులు పెట్టాడు, ఒప్పుకున్నాను.

పిట్ట వాళ్ళమ్మ బస్సు స్టాపు పక్కనే బట్టలు కుడుతుంది. వెళ్ళి కలిశాను. మిషను ఆపకుండానే మాట్లాడింది. "మీరు మంచివారంటున్నారు మేడమ్. పాత హెడ్మాస్టరు గారూ మంచివారే. ఆ రోజు నా కూతుర్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎంతో మర్యాదగా బయట కూర్చోబెట్టారు. కూర్చోబెట్టి మర్చిపోయారు." అప్పుడు మిషను ఆపింది. "సంతకం పెట్టను. అది తలుపు పక్కన తప్ప ఎక్కడా కూర్చోవట్లేదు. ఇంట్లో కూడా."

బతిమాలబుద్ధి కాలేదు, ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క మాట కాదనడానికి లేదు. "మా లెక్క ఎలా ఉంటుందో బడికొచ్చి మీ కళ్ళతో చూడండి. తప్పనిపిస్తే నేనే ట్రిప్పు మానేస్తాను" అన్నాను. ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మనవరాలికి ఏమైంది?

చెల్లి


ఇల్లు, లోపలి గది
అందరూ బయటికి వెళ్ళాక

చెల్లీ,

అడక్కపోతే రాసేదాన్ని కాదు.

వాళ్ళ ట్రిప్పు బస్సు కూడా ఆగింది, ఇక్కడ ఎక్కువమంది వెళ్ళే మందిరం దగ్గర. అందరూ దిగారు. మన పిల్ల తలనొప్పిగా ఉందని చెప్పి బస్సులోనే ఉండిపోయింది. టీచరు మంచిదే, కిటికీ పక్కకి జరిగి కూర్చోమందట, వచ్చాక "తగ్గిందా తల్లీ" అని అడిగిందట. ఇంటికొచ్చాక కూడా తలనొప్పే. ఆ తర్వాత బళ్ళో పొద్దుటి ప్రార్థన ఉన్నప్పుడల్లా తలనొప్పే. కోడలు కళ్ళ డాక్టరుకి చూపించింది, కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. నేను బడి నుంచి రాగానే ఒళ్ళో పడుకోబెట్టుకుని నుదుటికి బామ్ రాస్తూ వచ్చాను.

ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "చాలు నానమ్మా, కళ్ళు మండుతున్నాయి. నాకు తలనొప్పి లేదు" అంది. మరి ఎందుకే అన్నాను. "మా దేవుడు వేరే అని చెబితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. తలనొప్పి అంటే ఎవరూ చూడరు."

ఆ పిల్ల అబద్ధం చెప్పిందని కోపం రాలేదు. ఇంత చిన్న బుర్రలో అంత లెక్క వేసుకుందని ఏడుపొచ్చింది. మన దేవుడి పేరు చెప్పుకోలేక నా మనవరాలు తలనొప్పి చాటున దాక్కుంది చెల్లీ. ఆ బస్సులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. బలవంతం కూడా లేదు. బయట ఒక టీచర్ని ఉంచు, సరిపోతుంది అని నీకు సలహా ఇచ్చాను. మన పిల్ల దగ్గర డ్రైవరు ఉన్నాడు. ఏం సరిపోయింది?

నీ మీద కోపంతో రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రూలు కాగితం మీద రాసి, నీ సంతకం పెట్టి, బడి ముద్ర వేసి పంపు. వీళ్ళ హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తాను. వద్దని అబ్బాయి, అనవసరంగా పిల్ల అందరి కళ్ళలో పడుతుందని కోడలు. పడనీ.

అక్క


బడి, నా గది
లైట్‌హౌస్‌కి వెళ్ళే ముందు వారం

అక్కకి,

రూలు కాగితం దీనితోనే పెట్టాను. ముద్ర కొంచెం అలికింది, అయినా చదవొచ్చు. మనవరాల్ని నా బదులు ఒకసారి దగ్గరికి తీసుకో.

నిన్న ఆటస్థలంలో రిహార్సల్ చేశాం. ముగ్గుపిండితో రెండు బస్సులు గీశాం, తలుపులూ సీట్లూ కూడా. బయల్దేరింది మొదలు ఇల్లు చేరేదాకా జత మారకూడదు. ఒకరికి టాయిలెట్ అవసరమైతే ఇద్దరూ వెళ్ళాలి. చేతులెత్తాక పేర్లు కూడా పిలవాలి. పిట్ట వాళ్ళమ్మ మెడలో టేపు తీయకుండానే వచ్చి గోడ పక్కన నిలబడింది. లెక్కల మాస్టారు ఎవరికీ చెప్పకుండా ఒక పిల్లవాణ్ణి నీళ్ళ ట్యాంకు వెనక దాచి "జతలు!" అన్నారు. ఒక్క చెయ్యి ఒంటరిగా గాల్లో నిలబడింది. పక్కనున్నవాడు జాలిపడి చెయ్యి ఇవ్వబోతే "నువ్వు నా జత కాదు!" అని అరిచింది ఆ చెయ్యిగల పిల్ల. మాస్టారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

అప్పుడు పిట్ట వాళ్ళమ్మ అడిగింది. "ఇప్పుడూ బేసి సంఖ్యేగా. జత లేని పిల్ల సంగతేంటి?" ఆ పిల్లకి పెద్దవాళ్ళలో ఒకరు జత, ఆ చెయ్యి కూడా ఇల్లు చేరేదాకా మారదు అన్నాను. ముగ్గు బస్సు తలుపు పక్కనుంచి గొంతు వినిపించింది. "అది నేనవుతా." ఈ బడికొచ్చాక నేను పిట్ట గొంతు వినడం అదే మొదలు. వాళ్ళమ్మ సంతకం పెట్టి, పెన్ను తిరిగిస్తూ "ఎక్కడైనా ఆగారో..." అని ఊరుకుంది.

ఇక నీకు రాయకుండా దాచిన ముక్క ఒకటుంది. అధికారి పెట్టిన షరతుల్లో ఒకటి, ఏ పిల్లకైనా ఏదైనా జరిగితే ఈ కుర్చీ ఖాళీ చేస్తానని రాసివ్వడం. రాసిచ్చాను. రెండోది, బస్సుకి ఇంతమంది పెద్దవాళ్ళుండాలన్నది, ఒకరు తగ్గినా అనుమతి చెల్లదు. పిట్టకి జతగా ఉండాల్సిన టీచరు ఇవాళ తప్పుకుంది. వాళ్ళాయన పనిచేసేది పెద్దాయన దగ్గర, ఆవిణ్ణి ఏమనగలను? బయటి మనిషిని వాలంటీరుగా తీసుకోవచ్చట, పిల్లలతో పనిచేసిన అనుభవం ఉండాలట. అలాంటి మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు.

ఆ మనిషి మోకాళ్ళు ఏమంటాయో కనుక్కుని చెప్పు.

చెల్లి


ఇల్లు, వరండా
ఉత్తరం అందిన పూటే

హెడ్మాస్టరమ్మ గారికి,

మోకాళ్ళని అడగలేదు. అడిగితే వద్దంటాయి.

రైలు టికెట్టు తీసేశాను. నాదొక షరతు. బస్సు కదిలేటప్పుడు నా ప్రార్థన నేను మనసులో చేసుకుంటాను. పెదవి కూడా కదపను. నీ రూలుకి అభ్యంతరమా? అభ్యంతరమైనా చేసుకుంటాను, నీకు తెలిసేది కాదు.

ఇక్కడి హెడ్మాస్టరు కాగితం చదివి "ఆలోచిస్తాం" అన్నాడు. ఆలోచించండి బాబూ, అప్పటిదాకా వరండాలో కూర్చుంటాను అన్నాను. నా మడత కుర్చీ తెచ్చుకున్నాను కూడా. ట్రిప్పు అయ్యాక మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటాను.

కుర్చీ ఖాళీ చేస్తానని రాసిచ్చిన సంగతి దాచావు కదూ? వచ్చాక చెప్తాను నీ పని.

అక్క


బడి, నా గది
లైట్‌హౌస్ నుంచి వచ్చిన మర్నాడు

అక్కకి,

బస్సు దిగీ దిగగానే రైలుకి టైమైందని పరిగెత్తావు. కాళ్ళకి కాపడం పెట్టుకున్నావా? ఆ మెట్లన్నీ నువ్వు ఎక్కుతావని నేను కలలో కూడా అనుకోలేదు. పిట్ట పైకెక్కాలంటే జత కూడా ఎక్కాలి, జత మారకూడదు కాబట్టి ఎక్కావు. నా రూలు నీ మోకాళ్ళ మీద పడుతుందని ముందే తోచి ఉంటే ఇంకోలా రాసేదాన్నేమో. పైనుంచి మీ ఇద్దరూ చెయ్యి ఊపుతుంటే పిట్ట వాళ్ళమ్మకి ఫోటో తీసి పంపాను. ఇవాళ పొద్దున దుకాణం ముందునుంచి వెళ్తుంటే నన్ను పిలిచి, ఊడిపోతున్న నా జాకెట్టు చెయ్యి అక్కడికక్కడే కుట్టి పంపింది.

అందరూ వెళ్ళారు, అందరూ వచ్చారు. కుర్చీ నాదే.

ఒక్కటే అర్థం కాలేదు. బస్సుల పెద్దాయన ఇవాళ బడికి వచ్చారు. నీళ్ళ సీసాల పెట్టెలు వరండాలో దింపించి, "ఇక్కడైతే అందరూ తాగుతారు కదా తల్లీ" అన్నారు. పోతూ పోతూ "మందిరం దగ్గర మీ బస్సు ఆపే ధైర్యం చాల్లేదు, రెండో బస్సుకి చెయ్యెత్తాను. అందులో ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ఎవరు?" అని అడిగారు. మా అక్క అన్నాను. తలూపి వెళ్ళిపోయారు. నేను ముందు బస్సులో ఉన్నాను, నాకేమీ తెలియదు. పిట్టని అడిగితే నవ్వుతోంది. నీ బస్సులో ఏం జరిగింది?

చెల్లి


ఇల్లు, వరండా
కాపడం పెట్టుకుంటూ

చెల్లికి,

ఇంకా మెట్లు దిగలేకుండా ఉన్నాను, అయినా కులాసా.

మీ బస్సు ముందు వెళ్ళిపోయింది. మలుపు తిరగగానే మందిరం. గేటు ముందు చెట్టు నీడన ఆ పెద్దాయన నిలబడి ఉన్నాడు, పక్కన నీళ్ళ పెట్టెలు. చెయ్యెత్తాడు. అంత పెద్దమనిషి రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు? బస్సు నెమ్మదించింది. అద్దంలోంచి నన్ను చూసి "కాసేపు ఆపమంటారా పెద్దమ్మా?" అన్నాడు. బస్సులో అంతదాకా గోలగోలగా ఉన్న పిల్లలు ఒక్కసారి సద్దుమణిగారు. వెనక సీట్లో మీ మాస్టారు లేచి నిలబడ్డారు గానీ, తలుపు దగ్గరున్నది నేను.

అబద్ధం ఎందుకు, నాకు దిగాలనిపించింది. నెలలైంది నేను మందిరంలో అడుగుపెట్టి. కిటికీలోంచి లోపలి దీపం కూడా కనిపిస్తోంది.

అప్పుడు పిట్ట ఏం చేసిందో తెలుసా? నా చెయ్యి వదిలేసింది. మెల్లిగా, వేలు వేలుగా వదిలేసి, తన చేతులు తన ఒళ్ళో పెట్టుకుని, "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడే కూర్చుంటా. నాకు అలవాటే" అంది. ఏడుపు లేదు, అలక లేదు. అంత మర్యాదగా చెప్పింది. నాకు మన పిల్ల గొంతు వినిపించింది చెల్లీ, తలనొప్పి అని చెప్పినప్పటి గొంతు.

ఆ చెయ్యి మళ్ళీ లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. "నా జత నువ్వు. నువ్వు దిగని చోట నేనెలా దిగుతానే?" అన్నాను. డ్రైవరుతో "పోనివ్వు బాబూ, ఇక్కడ అందరం దిగలేం" అన్నాను. కిటికీలోంచి ఆ పెద్దాయనకి నమస్కారం పెట్టాను. ఆయన ఎత్తిన చెయ్యి మెల్లిగా దించాడు. దించి, ఆయనా నమస్కారం పెట్టాడు. దేవుడితో నేను చెప్పుకోవాల్సింది ఆ మలుపు దాటేలోపు చెప్పుకున్నాను. ఆ దేవుడికి కోపం వచ్చినట్టేమీ అనిపించలేదు.

ఇక అక్కడినుంచి పిట్ట నోరు తెరిచింది. లైట్‌హౌస్ దాకా, ఆ మెట్ల మీద, మళ్ళీ బడి దాకా మూయలేదు. వాళ్ళ పిల్లి సంగతి, వాళ్ళమ్మ మిషను సంగతి, టీ కొట్టు ఆవిడ స్టూలుకి ఒక కాలు పొట్టి అన్న సంగతి కూడా. నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఇంతదాకా రాసి, ఇప్పుడే నేను మడత కుర్చీ చంకన పెట్టుకుని వాళ్ళ హెడ్మాస్టరు దగ్గరికి బయల్దేరబోతుంటే, బడి సంచితో వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. తలనొప్పా అన్నాను. కాదని తలూపింది. "ఆఫీసు గదిలోకి నేనూ వస్తా. బస్సులో ఎందుకు దిగలేదో ఆయనకి నేనే చెప్తా" అంది. అందరూ చూస్తారే అన్నాను. "చూడనీ. జత లేకుండా ఒక్కదానివే ఎలా వెళ్తావు?" అని చెయ్యి చాచింది.

ఆ చెయ్యి పట్టుకునే మిగతా ముక్క రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకరపోయాయి. ఇక ఆపుతాను. ఇద్దరం బయల్దేరుతున్నాం.

అక్క